ప్రథమ పురుషలో ఒక క్యాసెట్టు ఆత్మకథ

తెలుగు వ్యాకరణం మాట్లాడేవారిని ఉత్తమ పురుష అని, వినేవారిని మధ్యమ పురుష అని, ఆ ఇద్దరి మాటల్లో ప్రస్తావనకు వచ్చేవారిని ప్రథమ పురుష అని మూడు తెగలుగా విడదీసింది. ఆత్మకథ సహజంగా ఉత్తమ పురుషకు చెందిన ప్రక్రియే అయినా, చెప్పుకునేది ఆడియో క్యాసెట్టు అయినప్పుడు ఆ నియమం చెల్లదు. దానిలోంచి వినిపించే ప్రతి ‘నేను’ వేరొకరిది కావడం, సొంత గొంతంటూ దానికి ఉండేది చక్రాలు తిరిగే సన్నని గరగర మాత్రమే కావడం అందుకు కారణం. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల్లో పాతికేళ్లు గడిపి, తెలంగాణ తొలి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖర్‌రావు (కేసీఆర్) ప్రసంగ భాగాన్ని ఒక పక్కన మోస్తున్న ఈ అరవై నిమిషాల క్యాసెట్టు తన జీవితాన్ని ప్రథమ పురుషలో చెప్పుకోవడానికి అదే హేతువు.

క్యాసెట్టు శరీర నిర్మాణం తెలియకపోతే దాని జ్ఞాపకశక్తి స్వభావం అర్థం కాదు. ఫిలిప్స్ కంపెనీ 1963లో బెర్లిన్ ప్రదర్శనలో తొలిసారి చూపించిన ఈ సాధనంలో, నాలుగు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ వెడల్పున్న ప్లాస్టిక్ టేపు ఒక చక్రం నుంచి మరో చక్రానికి సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో కదులుతుంది; టేపు మీద పూసిన ఐరన్ ఆక్సైడ్, అంటే ఒక రకం తుప్పు, శబ్దాన్ని అయస్కాంత ముద్రలుగా పట్టుకుంటుంది. ఒక్కో పక్క ముప్ఫై నిమిషాల చొప్పున సాగే ఈ క్యాసెట్టులో ఉన్నది సుమారు 90 మీటర్ల టేపు. పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రేకుల్లో ఒకటి విరిచేస్తే ఆ పక్కన కొత్తగా రికార్డు చేయడం కుదరదు, విరిచిన చోట స్టిక్కర్ అతికిస్తే మళ్లీ కుదురుతుంది. క్యాసెట్టు ప్రపంచంలో శాశ్వతత్వమంటే అంతే. కొత్త శబ్దాన్ని ఎక్కించే ముందు పాతదాన్ని తుడిచే ఎరేజ్ హెడ్ అనే భాగం మీదుగా టేపు ఎంతవరకు కదిలితే అంతవరకే పాత ముద్ర పోతుంది, ఆ తర్వాతి టేపు మీద పాత గొంతు చెక్కుచెదరకుండా నిలిచి ఉంటుంది.

ఈ క్యాసెట్టు తొలుత మోసింది రాజకీయాన్ని కాదు, రసాయనశాస్త్రాన్ని. దిల్‌సుఖ్‌రామ్ పర్షాద్ అనే జాగీర్దారు భూముల పేరు మీద ఏర్పడిన దిల్‌సుఖ్‌నగర్, పొలాలు కాలనీలుగా మారిన తర్వాతి దశాబ్దాల్లో కోచింగ్ సెంటర్ల అడ్డాగా, వాటి చుట్టూ అల్లుకున్న హాస్టళ్ల పేటగా పేరు తెచ్చుకుంది. నల్గొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ జిల్లాల పిల్లలూ, విజయవాడ రోడ్డు పట్టుకొని కృష్ణా, గుంటూరు వైపు నుంచి వచ్చిన పిల్లలూ ఒకే గదిలో మంచాలు వేసుకొని ఎంసెట్‌కు చదివేవారు. అలాంటి ఒక గదిలో ఉండే విద్యార్థి, తరగతిలో రాసుకోవడానికి చేయి సాగక, మోల్ భావన మీద మాస్టారు చెప్పిన పాఠాన్ని చిన్న టేప్‌రికార్డర్‌తో రెండు పక్కలా పట్టుకొని, పొరపాటున చెరిగిపోకుండా పై రేకులు విరిచేశాడు. ఆ పాఠానికి ఒక లయ ఉండేది: మాస్టారు ఒక సూత్రం చెబుతారు, దానికొక ఇంటి ఉదాహరణ తగిలిస్తారు, తర్వాత గొంతు పెంచి ‘అర్థమైందా?’ అని అడుగుతారు, తరగతి మొత్తం ఒక్క స్వరంతో ‘అర్థమైంది సార్’ అంటుంది.

ఆ పాఠం మీదికి వచ్చి కూర్చున్న గొంతు తాలూకు పూర్వచరిత్రను ఇక్కడ క్లుప్తంగా చెప్పుకోవాలి. చంద్రశేఖర్‌రావు 1954 ఫిబ్రవరి 17న నాటి మెదక్ జిల్లా చింతమడకలో జన్మించి, యువజన కాంగ్రెస్‌లో రాజకీయ జీవితం ప్రారంభించి, ఎన్.టి. రామారావు తెలుగుదేశం పార్టీ పెట్టిన తర్వాత అందులో చేరి, 1983లో సిద్దిపేటలో స్వల్ప తేడాతో ఓడిపోయి, 1985లో అక్కడే గెలిచారు. రామారావు మంత్రివర్గంలో కరవు, సహాయ కార్యక్రమాల శాఖను, చంద్రబాబునాయుడు మంత్రివర్గంలో రవాణా శాఖను చూసిన తర్వాత శాసనసభ ఉప సభాపతి అయిన ఆయన, 2001 ఏప్రిల్ 27న ఆ పదవినీ, శాసనసభ్యత్వాన్నీ, పార్టీనీ వదిలి, హుస్సేన్‌సాగర్ చెంత కొండా లక్ష్మణ్ బాపూజీ నివాసమైన జలదృశ్యంలో తెలంగాణ రాష్ట్ర సమితి (తెరాస)ని ప్రకటించారు. అప్పటికి 1969 నాటి ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, ఆ తర్వాత 1971 లోక్‌సభ ఎన్నికల్లో మర్రి చెన్నారెడ్డి నాయకత్వంలోని తెలంగాణ ప్రజా సమితి పది స్థానాలు గెలిచి కూడా కాంగ్రెస్‌లో కలిసిపోవడం జనం మరచిపోని సంగతులే కాబట్టి, కొత్త పార్టీ నాయకుడి మాటకు ఎదురైన మొదటి ప్రశ్న నమ్మకానికి సంబంధించింది. జార్ఖండ్ నాయకుడు శిబూ సోరెన్ అతిథిగా పాల్గొన్న 2001 మే 17 నాటి కరీంనగర్ సింహగర్జన సభలో ఆయన ఆ ప్రశ్నకు నేరుగా జవాబిస్తూ, ఉద్యమాన్ని మధ్యలో వదిలేస్తే తనను రాళ్లతో కొట్టి చంపమని జనానికి చెప్పారు.

ఆ ప్రసంగంలో ఇరవై ఏడు నిమిషాల భాగం, ఎవరో పట్టుకున్న రికార్డుకు నకలుగా, ఆ నకలుకు మరో నకలుగా దిల్‌సుఖ్‌నగర్ చేరింది. రెండు క్యాసెట్లు ఒకేసారి పట్టే టేప్‌రికార్డర్‌లో ఒక పక్క ఆ నకలును, రెండో పక్క ఈ క్యాసెట్టును పెట్టి, విరిచిన రేకు చోట స్టిక్కర్ అతికించి మోల్ భావనను తుడిచేశారు. ప్రసంగం ఇరవై ఏడు నిమిషాలకే ముగియడంతో, ‘ఏ’ పక్క చివరి మూడు నిమిషాల్లో మాస్టారి పాఠం అలాగే మిగిలిపోయింది. అందువల్ల ఈ క్యాసెట్టును చివరిదాకా విన్నవారికి జై తెలంగాణ నినాదం వెనువెంటనే మాస్టారి గొంతు వినబడుతుంది. చుట్టలోని ఒక పొర మీది అయస్కాంత ముద్ర పక్క పొరకు పల్చగా అంటుకోవడాన్ని ప్రింట్ త్రూ అంటారు; ఎక్కువ కాలం కదలకుండా పడి ఉన్న టేపుల్లో దీని వల్ల అసలు మాటకు కాస్త ముందే ఆ మాట నీడ వినిపిస్తుంది. కాబట్టి నాయకుడు చేయబోయే శపథం ఈ క్యాసెట్టులో మొదట గుసగుసగానూ, తర్వాత గర్జనగానూ రెండుసార్లు పలుకుతుంది.

ఆ ప్రసంగాల బలం ఎక్కడుందో పరిశీలిస్తే, మాస్టారి పాఠానికీ నాయకుడి ఉపన్యాసానికీ నిర్మాణంలో దగ్గరి పోలిక కనిపిస్తుంది. నీళ్లు, నిధులు, నియామకాలు అనే మూడు మాటల్లోకి ఉద్యమ వాదమంతా ఇమిడింది. నీళ్లంటే కృష్ణా, గోదావరి జలాల్లో వాటా, నిధులంటే ఈ ప్రాంతపు ఆదాయం ఈ ప్రాంతానికే ఖర్చు కావడం, నియామకాలంటే స్థానికులకు దక్కవలసిన ప్రభుత్వ ఉద్యోగాలు. ఒక్కో మాటకు అంకెలు చెప్పడం, అంకె వెంట పిట్టకథో సామెతో అందించడం, చివర జనాన్ని అవునా కాదా అని అడిగి జవాబు రాబట్టడం ఆయన పద్ధతి. సినిమాల్లో విలన్లకూ హాస్యపాత్రలకూ ఎక్కువగా కేటాయిస్తూ వచ్చిన తెలంగాణ యాసను ఆయన సభావేదిక మీద వాదనకు పనికొచ్చే భాషగా నిలబెట్టారు. ఆగం కావడం, సోయి ఉండడం లాంటి ఇంటిమాటలు విధాన చర్చలో పారిభాషిక పదాలంత బరువు మోశాయి. అదే నోటితో ఛందోబద్ధమైన పద్యం కూడా పలకగలగడం ఆ యాసకు మరింత ధీమానిచ్చింది. 2017 డిసెంబరులో లాల్‌బహదూర్ స్టేడియంలో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల ప్రారంభంలో ఆయన తన గురువు పాదాలకు నమస్కరించి పద్యాలు చదవడం చూసినవారికి ఈ ఉపన్యాస శైలి ఏ బడిలో పుట్టిందో తెలిసి ఉంటుంది.

భాషా నిర్మాణంలో మరొక అంశం ఇంతకన్నా ముఖ్యమైనది. హిందీలోని హమ్ లాంటి మాటలకు లేని ఒక విభజన తెలుగులో ఉంది: వినేవారిని కలుపుకుంటే మనం, వినేవారిని బయట ఉంచితే మేము. ఢిల్లీతోనో, నాటి రాష్ట్ర ప్రభుత్వంతోనో మాట్లాడేటప్పుడు నాయకుడి నోట మేము వస్తుంది, ఎదుట ఉన్న జనంతో మాట్లాడేటప్పుడు మనం వస్తుంది. కరీంనగర్ మైదానంలో మనం అంటే ఎవరో అందరికీ తెలుసు కాబట్టి ఆ మాట నిండుగా పలికింది. అదే మాట దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదిలో స్పీకర్లోంచి వచ్చినప్పుడు, సూర్యాపేట కుర్రాడు శబ్దం పెంచితే గుంటూరు కుర్రాడు పుస్తకం తీసుకొని మేడ మీదికి వెళ్లేవాడు. గొంతు మారలేదు, మాట మారలేదు, మనం అనే సర్వనామం పరిధి మాత్రం ఒక గది కొలతకు వచ్చేసరికి తేలకుండా పోయింది.

ప్రసంగాలను భద్రపరిచే ఇతర వ్యవస్థలతో పోల్చినప్పుడు క్యాసెట్టు విశిష్టత తెలుస్తుంది. శాసనసభలో సభ్యుల మాటలను రిపోర్టర్లు పొల్లుపోకుండా రాసుకుంటారు, ఆ తర్వాత అవి అధికారిక నివేదికగా గ్రంథాలయానికి చేరతాయి. అయితే సభామర్యాదకు తగవని భావించిన మాటలను సభాపతి రికార్డుల నుంచి తొలగించమని ఆదేశించవచ్చు కాబట్టి, ఆ నివేదికలో జరిగినదంతా ఉండదు. ఎన్నికల సంఘం దగ్గర ఉండే రికార్డు ఇందుకు విరుద్ధం, అక్కడికి చేరేవి తొలగించదగిన మాటలే: సిరిసిల్లలో 2024 ఏప్రిల్ 5న విలేకరుల ముందు కాంగ్రెస్‌ను ఉద్దేశించి చేసిన వ్యాఖ్యల మీద చర్యగా, మే 1 రాత్రి నుంచి 48 గంటలపాటు చంద్రశేఖర్‌రావు ప్రచారం చేయకుండా ఆ సంఘం నిషేధం విధించింది. సన్నాసులు, దద్దమ్మలు వంటి తిట్లు ఆయన అభిమానులకు చమత్కారంగానూ, విమర్శకులకు అహంకారంగానూ వినిపిస్తూ వచ్చాయి. క్యాసెట్టుకు తొలగించే అధికారం లేదు, శిక్షించే అధికారం లేదు; అది చప్పట్లనూ, దగ్గునూ, మైకు కీచుమనడాన్నీ మాటతో సమానంగా చూసి భద్రపరుస్తుంది.

‘బీ’ పక్క రికార్డు కావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. ఈలోగా తెరాస 2004లో కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకొని 26 శాసనసభ, అయిదు లోక్‌సభ స్థానాలు గెలిచింది; కేంద్ర కార్మిక శాఖ మంత్రి అయిన చంద్రశేఖర్‌రావు 2006లో ఆ పదవికి, తర్వాత లోక్‌సభ సభ్యత్వానికి కూడా రాజీనామా చేసి, ఉప ఎన్నికలో కరీంనగర్ నుంచి రెండు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు; 2009లో తెలుగుదేశంతో కలిసి పోటీ చేసిన పార్టీ మాత్రం పది శాసనసభ స్థానాలకు పడిపోయింది. తెలంగాణ వచ్చుడో, కేసీఆర్ సచ్చుడో అన్న నినాదంతో సిద్దిపేటలో ఆమరణ దీక్షకు కూర్చోవడానికి బయలుదేరిన ఆయనను 2009 నవంబరు 29న కరీంనగర్ దగ్గరి అలుగునూరులో పోలీసులు అరెస్టు చేసి ఖమ్మం తరలించారు. ఆ రోజే ఎల్బీనగర్ చౌరస్తాలో కాసోజు శ్రీకాంతాచారి అనే నల్గొండ జిల్లా యువకుడు తనను తాను కాల్చుకున్నాడు. డిసెంబరు 3న మరణించాడు. సూర్యాపేట, కోదాడ, విజయవాడ అని కండక్టర్లు కేకలు వేసే ఆ కూడలి, అప్పటిదాకా ఊళ్లకు పోయే బస్సులు ఎక్కే స్థలం మాత్రమే. ఇప్పుడు అక్కడ అతడి విగ్రహం ఉంది. నాయకుడి శపథంలోని చావు అనే పదాన్ని వినేవారిలో ఒకరు ఎంత అక్షరాలా తీసుకున్నారో ఏ రికార్డూ ముందుగా పసిగట్టలేదు.

నిమ్స్ ఆసుపత్రిలో కొనసాగిన దీక్ష పదకొండో రోజుకు చేరిన డిసెంబరు 9 అర్ధరాత్రికి కాస్త ముందు, కేంద్ర హోం మంత్రి చిదంబరం తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని ప్రకటించారు. అప్పటికి ఉద్యోగంలో చేరి చైతన్యపురిలో కాపురం పెట్టిన పాత విద్యార్థి, టీవీ పక్కన టేప్‌రికార్డర్ పెట్టి ఆ రాత్రిని ‘బీ’ పక్కకు ఎక్కించాడు. అందులో హోం మంత్రి ఇంగ్లిషు ప్రకటన అస్పష్టంగా ఉంటుంది, దాని మీద వీధిలో పేలిన టపాకాయలు స్పష్టంగా ఉంటాయి, వాటి మధ్య పక్కింటి కిటికీ తలుపు గట్టిగా మూసిన చప్పుడు ఒక్కసారి వినిపిస్తుంది. ప్రకటనకూ రాష్ట్రానికీ మధ్య నాలుగున్నరేళ్ల దూరముంది: అదే నెల 23న కేంద్రం వెనక్కి తగ్గడం, 2010 డిసెంబరు 30న శ్రీకృష్ణ కమిటీ ఆరు మార్గాలతో నివేదిక ఇవ్వడం, 2011లో 42 రోజుల సకల జనుల సమ్మె జరగడం, రాష్ట్రాల విభజన అధికారాన్ని పార్లమెంటుకు అప్పగించే రాజ్యాంగం మూడో అధికరణం కింద వచ్చిన బిల్లును 2014 జనవరి 30న ఉమ్మడి శాసనసభ తిరస్కరించినా ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించడం ఆ దూరంలోని మజిలీలు. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది, చంద్రశేఖర్‌రావు తొలి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. శ్రీకాంతాచారి తల్లి 2014 ఎన్నికల్లో తెరాస అభ్యర్థిగా హుజూర్‌నగర్‌లో పోటీ చేసి ఓడిపోయారు.

శపథం నెరవేరిన తర్వాత నాయకుడు చేయవలసిన పని సర్వనామాన్ని వెడల్పు చేయడం. హైదరాబాద్‌లో స్థిరపడిన ఆంధ్ర ప్రాంతీయులను వాడుకలో సెటిలర్లు అంటారు; వాళ్ల కాలికి ముల్లు గుచ్చుకుంటే పంటితో తీస్తానని ఆయన అన్న మాట, మనం అనే పదంలోకి కొత్తవారిని పిలిచిన బహిరంగ ఆహ్వానం. ఆ ఆహ్వానానికి తూర్పు హైదరాబాద్ ఇచ్చిన జవాబు ఒకేలా లేదు. తెరాస 63 స్థానాలతో అధికారంలోకి వచ్చిన 2014లో ఎల్బీనగర్ తెలుగుదేశం అభ్యర్థి, బీసీ నాయకుడు ఆర్. కృష్ణయ్యను గెలిపించింది, 2016 నగరపాలక ఎన్నికల్లో 150 డివిజన్లకు 99 గెలిచిన తెరాస వైపు నగరం మొగ్గింది, అదే పార్టీ 88 స్థానాలు సాధించిన 2018లో ఎల్బీనగర్ కాంగ్రెస్ అభ్యర్థి సుధీర్‌రెడ్డిని ఎన్నుకుంది, 2020 డిసెంబరులో ఈ నియోజకవర్గం పరిధిలోని డివిజన్లన్నీ భాజపా పరమయ్యాయి. పార్టీ భారత రాష్ట్ర సమితిగా పేరు మార్చుకొని, 39 స్థానాలకు పడిపోయి అధికారం పోగొట్టుకున్న 2023లో, అప్పటికే అందులో చేరిన సుధీర్‌రెడ్డిని ఆ పార్టీ గుర్తు మీద ఎల్బీనగర్ గెలిపించింది. రాష్ట్రమంతా అవునన్నప్పుడు కాదని, కాదన్నప్పుడు అవునని ఓటేసిన ఈ కూడలి, సభల్లో అవునా కాదా అన్న ప్రశ్నకు వచ్చే కేకను జవాబుగా లెక్కించడం ఎంత తొందరపాటో చూపిస్తుంది. 2023 ఫలితాలు వెలువడిన తేదీ డిసెంబరు 3. శ్రీకాంతాచారి చనిపోయి ఆ రోజుకు సరిగ్గా 14 ఏళ్లు.

మెట్రో రైలు 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ వరకు వచ్చేనాటికి ఈ క్యాసెట్టు చైతన్యపురి ఇంటి అటక మీద, అట్టపెట్టెలో ఉంది. టేపును హెడ్ మీదుగా నడిపించే రబ్బరు రోలర్లు జిగురుగా మారిన టేప్‌రికార్డర్ పాత సామాన్ల బండికి వెళ్లిపోయింది. క్యాసెట్టు తడి తగిలి, అంచుల్లో తెల్లని బూజు పట్టి, చక్రంలో పెన్సిల్ దూర్చి తిప్పితే తప్ప కదలని స్థితికి వచ్చింది. పార్టీ 2025 ఏప్రిల్ 27న వరంగల్ దగ్గరి ఎల్కతుర్తిలో రజతోత్సవ సభ జరిపి, జలదృశ్యం నాటి గొంతు పాతికేళ్ల వార్ధక్యంతో మళ్లీ మైకు ముందుకు వచ్చిన రోజుల్లో, ఇంటివాళ్లు పాత ప్రసంగాన్ని కంప్యూటర్‌లోకి మార్పించడానికి పెట్టె దించారు.

మార్చినవాడు పని తెలిసినవాడే. శబ్ద తరంగాన్ని తెర మీద చూస్తూ, ముందు వినిపించే నీడ మాటలను చెరిపేసి, గరగరను తగ్గించి, చప్పట్లు ఎక్కువైన చోట కత్తిరించి, నాయకుడి గొంతు ముందుకు వచ్చేలా సర్ది, ఇరవై ఏడు నిమిషాలను ఇరవై రెండుకు కుదించి ఒక ఫైలుగా భద్రపరిచాడు. చివరి మూడు నిమిషాలు ప్రసంగానికి సంబంధం లేనివి కాబట్టి వాటిని వదిలేశాడు. ఫైలులో ఇప్పుడు ఉత్తమ పురుష ఎలాంటి మచ్చా లేకుండా వినిపిస్తోంది, మనం అనే మాట కూడా ఎన్నిసార్లు రావాలో అన్నిసార్లు వస్తోంది. ఆ మాటకు బదులు పలికిన మధ్యమ పురుష మాత్రం బూజు పట్టిన టేపు మీదే ఉండిపోయింది. క్యాసెట్టును తిరిగి పెట్టెలో వేసే ముందు దాని యజమాని మార్చినవాడి యంత్రంలోనే ఒక్కసారి చివరిదాకా నడిపించి విన్నాడు. జై తెలంగాణ నినాదం ఆగింది, మోల్ భావన మొదలైంది, ఇంటి ఉదాహరణ వచ్చింది, మాస్టారు గొంతు పెంచి ‘అర్థమైందా?’ అని అడిగారు. టేపు అక్కడితో అయిపోయింది.